ఎంటీహెచ్ఎఫ్ఆర్ రిపోర్టు చూసి ఫోలిక్ యాసిడ్ మాత్ర ఆపకండి

మా తమ్ముడి భార్య ఒక రాత్రి పది దాటాక ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఎప్పుడూ చేయదు. "వదినా, ఆ పసుపు మాత్రలు మానేశాను. పదకొండు రోజులైంది. నాకేదో జీన్ ప్రాబ్లం ఉందట" అంది. గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది.

పెళ్లయి రెండేళ్లయింది. పిల్లల కోసం చూస్తున్నారు. డాక్టరమ్మ ముందుచూపుతో ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టించింది. మూడు నెలలుగా రోజూ రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటోంది. ఈలోగా ఎవరో చెప్పారని ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే ఒక ల్యాబ్‌లో జీన్ టెస్ట్ చేయించుకుంది. రిపోర్టులో "ఎంటీహెచ్ఎఫ్ఆర్ 677 సీటీ" అన్న వరస పక్కన ఎర్ర గుర్తు పెట్టి ఇచ్చారు. దాని అర్థమేంటో చెప్పినవాళ్లు లేరు. సరిగ్గా ఆ వారమే వాళ్ల ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. అమెరికాలో ఉన్న మా చిన్నమ్మ కూతురికీ అదే మెసేజ్ ఇంగ్లీషులో వచ్చిందట. మాటలు అటూఇటూ మారినా సారం ఇది:

మనలో సగం మందికి ఎంటీహెచ్ఎఫ్ఆర్ జీన్ పాడైపోయి ఉంటుంది. అలాంటివాళ్ల ఒంట్లో ఫోలిక్ యాసిడ్ మారదు, విషంలా పేరుకుపోతుంది. వరుసగా గర్భం పోవడానికీ, పిల్లలకు ఆటిజం రావడానికీ, నాలుక కింద అతుక్కుపోయి పుట్టడానికీ ఇదే కారణం. ఫోలిక్ యాసిడ్ ఫ్యాక్టరీలో చేసిన కెమికల్. వెంటనే ఆపండి. టెస్ట్ చేయించుకుని మెథైల్ ఫోలేట్ మాత్రమే వాడండి.

నేను డాక్టర్ని కాను. డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. ఈ ఎంజైమ్ పాఠం ఏటా చెప్పేదే. అందుకే ఈ మెసేజ్‌కి ఒక్కో మాటా పట్టుకుని జవాబు రాస్తున్నాను. పిల్లల కోసం చూస్తున్న ఆడపిల్ల ఒక్కతి దీన్ని నమ్మి మాత్ర ఆపినా జరిగే నష్టాన్ని తర్వాత ఎవరూ సరిదిద్దలేరు.

ముందు ఈ జీన్ పనేంటో చూద్దాం. మన ఒకటో క్రోమోజోమ్ మీద ఉంటుంది. మెథిలీన్ టెట్రాహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ని తయారుచేయిస్తుంది. పొడుగు పేరు కాబట్టి ఎంటీహెచ్ఎఫ్ఆర్ అంటారు. తోటకూరలో, పెసల్లో, శనగల్లో మనకు దొరికే ఫోలేట్ అనే విటమిన్ ఒంట్లో ఒకే రూపంలో ఉండిపోదు. మాత్రలోని ఫోలిక్ యాసిడ్ కూడా ఈ ఫోలేట్‌లో ఒక రూపమే. ఒక్కో పనికి ఒక్కో రూపం ఎత్తుతుంది. డీఎన్ఏ కట్టడానికి ఒక రూపం కావాలి. ఆ రూపంలో కొంత భాగాన్ని మన ఎంజైమ్ పట్టుకుని మెథైల్ ఫోలేట్‌గా మారుస్తుంది. ఆ మెథైల్ ముక్కను బీ12 విటమిన్ సాయంతో హోమోసిస్టీన్ అనే అణువు అందుకుని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం అవుతుంది. ఈ పని సరిగా సాగకపోతే రక్తంలో హోమోసిస్టీన్ పెరుగుతుంది. రక్తం నుంచి మెదడుకు ముఖ్యంగా చేరేది కూడా ఈ మెథైల్ ఫోలేటే.

ఇక మెదడు ఎలా మొదలవుతుందంటే, గర్భం నిలిచిన మూడో వారంలో పిండం వీపు వైపు పల్చటి రేకులాంటి పొర ఏర్పడుతుంది. దాని రెండు అంచులూ పైకి లేచి, దగ్గరికొచ్చి, అతుక్కుని గొట్టంలా అవుతాయి. కజ్జికాయలు చేసేటప్పుడు పూరీని మడిచి అంచులు నొక్కుతాం కదా, అలా. మెడ దగ్గర మొదలై ఒకవైపు తలకేసి, మరోవైపు నడుము కేసి మూసుకుంటూ పోతుంది. ఆ గొట్టమే తర్వాత మెదడు, వెన్నుపాము. 28వ రోజుకల్లా రెండు చివర్లూ మూసుకోవాలి. పై చివర తెరుచుకునే ఉండిపోతే మెదడు పైభాగం, పుర్రె ఏర్పడవు, ఆ బిడ్డ దక్కదు. కింది చివర మూసుకోకపోతే స్పైనా బైఫిడా. బిడ్డ బతుకుతుంది కానీ చాలామందిలో కాళ్లలో బలం, మూత్రం మీద పట్టు దెబ్బతింటాయి. ఆ కొద్ది రోజుల్లో కణాలు విపరీతమైన వేగంతో రెట్టింపవుతాయి. అప్పుడు ఫోలేట్‌కి గిరాకీ చాలా ఎక్కువ.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. నెల తప్పిందని తెలిసేసరికే గర్భం నిలిచి రెండు వారాలు. "ఇంకో నాలుగు రోజులు చూద్దాంలే" అనుకుని, కిట్ తెచ్చుకుని, చూసుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఆ గొట్టం మూసుకోవడం అయిపోయి ఉంటుంది, లేదా ఆఖరి దశలో ఉంటుంది. గర్భం రాకముందే మాత్ర మొదలుపెట్టమనేది అందుకే. మెసేజ్ గురిపెట్టింది కూడా సరిగ్గా ఆ రోజుల మీదే.

"సగం మందికి జీన్ పాడైపోయి ఉంటుంది"

పాడైపోవడం వేరు, తేడాగా ఉండటం వేరు. ఈ జీన్‌లో ఎక్కువగా చెప్పుకునే తేడాలు రెండు. మొదటిది 677వ స్థానంలో సీ అనే డీఎన్ఏ అక్షరం బదులు టీ ఉండటం. దానివల్ల ఎంజైమ్‌లో ఒకచోట అలనిన్ అనే అమైనో ఆమ్లం బదులు వాలిన్ అనే మరొకటి వచ్చి కూర్చుంటుంది. కెనడాలో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో రీమా రోజెన్ బృందం 1995లో దీన్ని గుర్తించింది. రెండోది 1298వ స్థానంలో ఏ బదులు సీ. ఈ రెండోది ఒక్కటే ఉంటే హోమోసిస్టీన్ మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించదు. మనవాళ్లలో ఇది బాగా మామూలు. మెసేజ్‌లో సగం మంది అన్న లెక్క రావాలంటే, ఏ తేడా అయినా సరే, అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్క కాపీ వచ్చినవాళ్లందరినీ కలపాలి. అంతమందిలో ఉన్నదాన్ని జబ్బు అనరు. రక్తం గ్రూపుల్లాగా మనిషికీ మనిషికీ ఉండే తేడా అంటారు.

677 దగ్గర రెండు కాపీలూ టీ ఉన్నవాళ్లనే కాస్త పట్టించుకోవాలి. దాన్నే టీటీ అంటారు. అమెరికాలోని తెల్లవాళ్లలో 10 నుంచి 15 శాతం మంది అలాంటివాళ్లు. అక్కడ లాటిన్ అమెరికా మూలాలున్న హిస్పానిక్ జనంలో 25 శాతానికి పైనే ఉంటారని అంచనా. ఉత్తర చైనాలోనూ, ఇటలీలోనూ ఎక్కువే. మన దేశంలో చాలా తక్కువ. మా మరదలికి ఉన్నది సీటీ, అంటే ఒక్క కాపీయే. ఆ ఎర్ర గుర్తుకి ఉన్న బరువు అంతే.

ఈ మాటలో నిజం ఉన్నంత మేరకు ఒప్పుకుందాం. టీటీ ఉన్న తల్లులకు పుట్టే పిల్లల్లో ఆ గొట్టం మూసుకోకపోయే అవకాశం కొంత ఎక్కువ. 1995లోనే నెదర్లాండ్స్ పరిశోధకులు స్పైనా బైఫిడాకీ టీటీకీ సంబంధం చూపించారు. పరీక్షనాళికలో కొలిస్తే టీటీ వాళ్ల ఎంజైమ్ మామూలు దానిలో 30 శాతం చురుకుదనమే చూపిస్తుంది, సీటీ అయితే 65 శాతం. ఈ "30 శాతం" పట్టుకునే మెసేజ్ భయపెడుతుంది. ఆ అంకె ఎక్కడిదో తెలిస్తే భయం ఉండదు.

"అలాంటివాళ్ల ఒంట్లో ఫోలిక్ యాసిడ్ మారదు"

మెసేజ్ మొత్తానికి ఆయువుపట్టు ఈ మాటే, అసలు తప్పూ ఇక్కడే ఉంది. అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

ఫోలిక్ యాసిడ్‌ని మొదట పట్టుకునేది ఎంటీహెచ్ఎఫ్ఆర్ కాదు. డీహెచ్ఎఫ్ఆర్ అనే వేరే ఎంజైమ్, వేరే జీన్ ఇచ్చేది. అది ఫోలిక్ యాసిడ్‌ని టెట్రాహైడ్రోఫోలేట్‌గా మార్చి ఫోలేట్ చక్రంలోకి ఎక్కిస్తుంది. అక్కడినుంచి డీఎన్ఏ కట్టడానికి కావలసిన రూపం తయారవడానికి ఎంటీహెచ్ఎఫ్ఆర్ అవసరమే లేదు. మన ఎంజైమ్ వచ్చేది ఆ తర్వాతి మెట్టులో. పైగా అదేమీ ఆగిపోలేదు, కాస్త నెమ్మదిగా నడుస్తుంది.

నెమ్మదిగా నడవడానికి కారణం ఏమిటో చూస్తే అసలు విషయం బయటపడుతుంది. ఈ ఎంజైమ్ పనిచేయాలంటే ఎఫ్ఏడీ అనే చిన్న అణువు దాన్ని అంటిపెట్టుకుని ఉండాలి. ఎఫ్ఏడీ తయారయ్యేది రైబోఫ్లేవిన్ నుంచి, అంటే పాలలో, గుడ్డులో ఉండే బీ2 నుంచి. 677 తేడా ఉన్న ఎంజైమ్‌లో ఎఫ్ఏడీ పట్టు సడలుతుంది. వేడి చేస్తే మామూలు ఎంజైమ్ కంటే త్వరగా చేతులెత్తేస్తుంది. తొలి రోజుల్లో దీన్ని గుర్తుపట్టింది కూడా ల్యాబ్‌లో 46 డిగ్రీల వేడి పెట్టి చూసే. కానీ ఫోలేట్ పుష్కలంగా ఉన్నచోట కథ మారుతుంది. ఫోలేట్ వచ్చి ఎంజైమ్‌ని పట్టుకుంటే ఎఫ్ఏడీ ఊడిపోకుండా నిలుస్తుంది. బ్యాక్టీరియాలోని ఇదే ఎంజైమ్ మీద మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు 1999లో ఈ సంగతి చూపించారు. మనుషుల్లోనూ దానికి తగ్గట్టే, ఫోలేట్ తక్కువగా ఉన్న టీటీ వాళ్లలోనే హోమోసిస్టీన్ బాగా పెరుగుతుంది. ఫోలేట్ చాలినంత ఉన్నవాళ్లలో ఆ తేడా చాలావరకు కనబడకుండా పోతుంది.

ఊతకర్ర పట్టుకుని నడుస్తున్న మనిషి సరిగా నడవలేకపోతున్నాడని ఆ కర్ర లాగేసుకుంటామా? ఎంజైమ్ బలహీనంగా ఉన్నవాళ్లకి ఫోలేట్ ఇంకా అవసరం. వాళ్లనే మాత్ర ఆపమంటోంది ఈ మెసేజ్. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే.

మరి నిజంగా మారుతుందో లేదో కొలిచారా అంటే కొలిచారు. ఒకే మోతాదు ఫోలిక్ యాసిడ్ తీసుకుంటున్నవాళ్లలో, టీటీ ఉన్నవాళ్ల రక్తంలో ఫోలేట్ సీసీ వాళ్ల కంటే, అంటే రెండు కాపీలూ మామూలు సీ ఉన్నవాళ్ల కంటే, సగటున 16 శాతం తక్కువ ఉంది. మెసేజ్ చెప్పినట్టు మారకపోతే తేడా ఇంతకంటే చాలా ఎక్కువ ఉండాలి. 16 శాతమే తక్కువంటే దాదాపు అందరిలాగే మారుతోందని అర్థం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా ఇదే చెబుతోంది. ఎంటీహెచ్ఎఫ్ఆర్ తేడా ఉన్నవాళ్లు ఫోలిక్ యాసిడ్‌తో సహా అన్ని రకాల ఫోలేట్‌నీ వాడుకోగలరు, గర్భం దాల్చే అవకాశం ఉన్న ఆడవాళ్లు ఏ జీన్ ఉన్నా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలి అని.

చైనా సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. 1993 నుంచి 1995 దాకా అక్కడ పెళ్లి కుదిరిన, పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్లకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇచ్చారు. అందులో వేరే విటమిన్ ఏదీ కలపలేదు. దాదాపు రెండున్నర లక్షల గర్భాల లెక్క తీసి 1999లో ప్రచురించారు. ఉత్తర చైనాలో మాత్ర వేసుకోనివాళ్లలో వెయ్యికి దాదాపు ఐదు గర్భాల్లో ఆ గొట్టం మూసుకోని లోపం కనిపించింది. గర్భానికి ముందునుంచీ మాత్ర వేసుకున్నవాళ్లలో అది వెయ్యికి ఒకటే. అంటే 79 శాతం తగ్గుదల. మొదట్లోనే ఈ లోపం తక్కువగా ఉన్న దక్షిణ చైనాలో 41 శాతం తగ్గింది. టీటీ బాగా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఉత్తర చైనా ఒకటని పైన చెప్పాను కదా. జీన్ టెస్ట్ చేసి వేరుచేసి ఇవ్వలేదు. అందరికీ ఒకే మాత్ర. విషంగా మారే పదార్థమైతే ఆ ఊళ్లలో ఏం జరిగి ఉండాలి? అక్కడే అన్నిటికంటే ఎక్కువమంది బిడ్డలు దక్కారు.

దానికి ముందే 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాల్లోని 33 కేంద్రాల్లో చేసిన పరీక్ష ఉంది. ఇదివరకు ఒక బిడ్డకు ఈ లోపం వచ్చిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ వచ్చే ప్రమాదం 72 శాతం తగ్గింది. మరుసటి ఏడాది హంగరీలో, మొదటిసారి గర్భం కోసం చూస్తున్నవాళ్లలోనూ ఫలితం కనిపించింది. అమెరికాలో 1998 నుంచి గోధుమపిండి లాంటి వాటిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి చేశారు. ఏటా 1,300 మంది దాకా బిడ్డలు ఈ లోపం లేకుండా పుడుతున్నారని అంచనా. టీటీ ఎక్కువగా ఉన్న హిస్పానిక్ కుటుంబాలు గోధుమ కంటే మొక్కజొన్న పిండే ఎక్కువ వాడతాయి కాబట్టి, వాళ్లకి అందడం లేదని 2016లో ఆ పిండిలోనూ కలపడానికి అనుమతి ఇచ్చారు.

"ఫోలిక్ యాసిడ్ ఫ్యాక్టరీలో చేసిన కెమికల్"

అవును, ఫ్యాక్టరీలోనే చేస్తారు. మెథైల్ ఫోలేట్ మాత్ర కూడా ఫ్యాక్టరీలోనే చేస్తారు. సాధారణంగా ఫోలిక్ యాసిడ్‌నే ముడిసరుకుగా తీసుకుని చేస్తారు. ఇందులో సహజం, అసహజం అన్న గొడవ ఎక్కడిది?

మాది భీమవరం దగ్గర పల్లె. ఈ మాట చదివినప్పుడు నాకు మరింత బాధేసింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో నడిపించిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసి ప్రపంచానికి ఇచ్చింది. అంతకుముందు 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టర్ బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతను చూసింది. ఈస్ట్ సారం పెడితే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో రాసింది. ఆ సారంలో ఉన్న మందు ఏమిటో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. అది ఫోలేట్. బొంబాయి మిల్లు కార్మికురాలి రక్తంతో మొదలైన వెతుకులాట భీమవరం మనిషి చేతిలో మాత్రగా మారింది.

ఆయన బృందమే ఫోలేట్‌ని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందునూ చేసింది. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్ లుకేమియాకి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ వాడి చూసింది దాన్నే. 1950ల మొదట్లో గర్భిణులకు ఆ మందు ఇచ్చినప్పుడు కొందరి పిండాల్లో తల, పుర్రె, మెదడు లోపాలు కనిపించాయి. ఫోలేట్ దారి మూసేస్తే కడుపులోని బిడ్డ మెదడుకు ఏమవుతుందో వైద్యులు కళ్లారా చూసిన సందర్భాల్లో అది ఒకటి. ఆ దారి తెరిచి ఉంచే మాత్రను విషమంటున్నారు ఇప్పుడు.

"మెథైల్ ఫోలేట్ మాత్రమే వాడండి"

మెథైల్ ఫోలేట్ చెడ్డదని నేననను. రక్తంలో ఫోలేట్ పెంచడంలో అదేమీ తీసిపోదు. మన దగ్గర గర్భిణులకు రాసే చాలా మాత్రల్లో అదే ఉంటుంది. మీ డాక్టర్ ఆలోచించి అది రాసి ఉంటే కంగారుపడి ఆపాల్సిన పని లేదు, అడిగి తెలుసుకోండి. కానీ మెదడు గొట్టం లోపాలు తగ్గుతాయని మనుషుల మీద పెద్ద పరీక్షల్లో తేలింది ఫోలిక్ యాసిడ్‌తోనే. మెథైల్ ఫోలేట్‌తో అలాంటి పరీక్ష జరగలేదు. ఇకముందు జరగడమూ కష్టమే. పనిచేస్తుందని తేలిన మాత్రను సగం మంది తల్లులకు ఆపి చూడటానికి ఎవరూ ఒప్పుకోరు. ధర తేడా కూడా చిన్నది కాదు. ఫోలిక్ యాసిడ్ చాలా చవక, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. ఖరీదైన మాత్ర కొనలేక రెండూ మానేసే ఇల్లు మన ఊళ్లలో ఉండదనుకోవడం పొరపాటు.

"ఆకుకూరలు తింటే చాలు కదా" అని మా పిన్ని అడిగింది. తినాలి, తప్పకుండా తినాలి. కానీ ఫోలేట్ నీళ్లలో కరిగిపోయే విటమిన్, వేడికి తట్టుకోదు. తోటకూర ఉడికించి ఆ నీళ్లు వంచేస్తే అందులో చాలా భాగం పోతుంది. మిగిలినదీ మాత్రలోది ఒంటబట్టినంతగా ఒంటబట్టదు. రేషన్ బియ్యంలో కలుపుతూ వచ్చిన బలవర్ధక గింజల్లో ఐరన్, బీ12తో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది, కలిపిన బియ్యం కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములు. వాటిని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్లని నేను చూశాను. ఆ గింజలు తిన్నా రోజుకు 400 అందవు. పారేస్తే ఆ కాస్తా అందదు.

"ఆటిజం దీనివల్లే"

నార్వేలో 85,176 మంది పిల్లల్ని గమనించిన అధ్యయనం 2013లో వచ్చింది. గర్భానికి నాలుగు వారాల ముందు నుంచి ఎనిమిదో వారం దాకా ఉన్న కాలంలో తల్లులు ఫోలిక్ యాసిడ్ తీసుకున్నారా లేదా అని చూశారు. తీసుకున్న తల్లుల పిల్లల్లో ఆటిస్టిక్ డిజార్డర్ 0.10 శాతం, తీసుకోనివాళ్ల పిల్లల్లో 0.21 శాతం. ఇది గమనించి లెక్కవేసిన సంబంధం మాత్రమే, కాబట్టి మాత్ర ఆటిజాన్ని ఆపుతుందని నేను చెప్పను. కానీ మాత్ర ఆటిజం తెస్తుందనడానికి ఇది పూర్తిగా ఎదురు.

మరి మెసేజ్‌లో ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? ప్రసవం తర్వాత రక్తంలో ఫోలేట్ చాలా ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆటిజం ఎక్కువ కనిపించిందని 2016లో బోస్టన్ తల్లుల మీద చేసిన ఒక అధ్యయనం చెప్పింది. పత్రికలు అంతవరకే పట్టుకున్నాయి. గర్భంలో వారానికి మూడు నుంచి ఐదుసార్లు విటమిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో ఆటిజం తక్కువ కనిపించిందని అదే అధ్యయనం చెప్పింది. ఆ సగం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. 2025 సెప్టెంబరులో అమెరికాలో ఆటిజం విషయంలో ల్యూకోవోరిన్ అనే మందు గురించి జరిగిన ప్రకటన తర్వాత ఈ చర్చ మళ్లీ రేగింది. అది కూడా ఫోలేట్ కుటుంబానిదే. కొందరిలో ఫోలేట్ మెదడులోకి చేరే తలుపు దగ్గరే అడ్డు పడుతుంది, ఆ మందు గొడవ దాని గురించి. ఎంటీహెచ్ఎఫ్ఆర్ తేడాకీ దానికీ ముడిపెట్టకూడదు.

ఆటిజం ఉన్న బిడ్డను పెంచుతున్న తల్లి ఈ మెసేజ్ చదివితే ఏమనుకుంటుంది? "నేను వేసుకున్న మాత్ర వల్లే నా బిడ్డకి ఇలా అయింది" అనుకుంటుంది. ఆ తల్లులకు చెబుతున్నాను, అది నిజం కాదు. నాలుక కింద అతుక్కోవడం గురించి చెప్పిందానికీ గట్టి ఆధారం లేదు.

"గర్భం పోవడానికి ఇదే కారణం, టెస్ట్ చేయించుకోండి"

అమెరికాలోని మెడికల్ జెనెటిక్స్ కాలేజీ 2013లోనే స్పష్టంగా చెప్పింది. రక్తం గడ్డకట్టే స్వభావం ఉందేమోనని వెతికేటప్పుడు గానీ, వరుసగా గర్భం పోతున్నప్పుడు గానీ ఎంటీహెచ్ఎఫ్ఆర్ టెస్ట్ రాయనక్కర్లేదని. అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం మాటా అదే. అయినా మన నగరాల్లో రెండోసారి గర్భం పోయిన అమ్మాయికి రాసే పెద్ద పరీక్షల కట్టలో ఇదీ ఒకటై కూర్చుంటోంది. నాకు బాగా తెలిసిన ఒకమ్మాయి, ఈ ఒక్క తేడా చూపించి రాసిన, రక్తం గడ్డకట్టకుండా వేసే ఇంజెక్షన్లు ఏడు నెలలు రోజూ పొట్టలో పొడుచుకుంది. పొట్టంతా నీలంగా కమిలిపోయి ఉండేది. ఏ ఆసుపత్రో చెప్పను. అయితే ఒక జాగ్రత్త. రక్తం సులువుగా గడ్డకట్టే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ లాంటి వేరే కారణాలకు ఆ ఇంజెక్షన్ నిజంగా అవసరం. కాబట్టి ఇది చదివి ఎవరూ సొంతంగా ఆపకండి. "నాకు ఏ కారణం మీద రాశారు డాక్టర్ గారూ?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు పొందే హక్కు మీకుంది.

డబ్బు పెట్టి టెస్ట్ చేయించుకోవాలనే ఉంటే బీ12 చూపించుకోండి. మన దేశంలో హోమోసిస్టీన్ పెరగడానికి ముఖ్య కారణం బీ12 లోటు, ముఖ్యంగా శాకాహారుల్లో. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం ఏళ్లుగా తల్లీబిడ్డల్ని గమనిస్తూ, ఫోలేట్ ఎక్కువగా ఉండి బీ12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువని 2008లో రాసింది. రోజుకు 1,000 మైక్రోగ్రాములు దాటిన ఫోలిక్ యాసిడ్, బీ12 లోటు వల్ల వచ్చే రక్తహీనతను పైకి కనబడకుండా చేయగలదన్నదీ నిజమే. మన దగ్గర 5 మిల్లీగ్రాముల, అంటే 5,000 మైక్రోగ్రాముల మాత్ర అలవాటుగా రాస్తుంటారు కాబట్టి బీ12 సంగతి అడగడం తెలివైన పని. ఫోలిక్ యాసిడ్ మీద నిజంగా చర్చించాల్సింది ఈ మోతాదు, ఈ బీ12. మెసేజ్‌లో ఈ ముక్క లేనే లేదు.

ఒక్క విషయంలో ఈ జీన్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. చాలా అరుదుగా, రెండు కాపీలూ నిజంగానే పనిచేయని పిల్లలు పుడతారు. 1972 నుంచి వైద్యానికి తెలిసిన జబ్బు ఇది. పాలు సరిగా తాగకపోవడం, మగతగా పడి ఉండటం, ఒళ్లు మెత్తబడిపోవడం, ఫిట్స్, తల ఎదగకపోవడం కనిపిస్తాయి. రక్తంలో హోమోసిస్టీన్ విపరీతంగా పెరిగి, మెథియోనిన్ పడిపోతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ చెరో చెడ్డ కాపీ వస్తేనే వచ్చే జబ్బు కాబట్టి మేనరికాలు ఉన్న మన కుటుంబాల్లో గుర్తుపెట్టుకోవాలి. బీటైన్ అనే మందు తొందరగా మొదలుపెడితే బిడ్డ మెదడును చాలావరకు కాపాడుకోవచ్చు. ఏ రూపంలో ఫోలేట్ ఇవ్వాలన్నది అక్కడ స్పెషలిస్టు తేల్చాలి. జీన్ పాడైపోవడం అంటే ఇది. మా మరదలి రిపోర్టులో ఉన్న సీటీ కాదు.

ఇదంతా ఆ రాత్రి ఫోన్లోనే చెప్పాను, ఇంత వరసగా కాదులెండి. అంతా విన్నాక ఒకటే అడిగింది. "మరి ఈ పదకొండు రోజులు మానేశాను కదా వదినా, ఇప్పుడు గర్భం నిలిస్తే ఏమైనా అవుతుందా?"

మూడు నెలలుగా వేసుకుంటోంది కదా. ఎర్ర రక్తకణాలు పుట్టేటప్పుడే ఫోలేట్‌ని లోపల దాచుకుంటాయి, ఒక్కో కణం 120 రోజుల దాకా బతుకుతుంది. కాలేయంలోనూ కొంత నిల్వ ఉంటుంది. పదకొండు రోజులకి అదంతా ఖాళీ అయిపోదు. అదే చెప్పి, ఈ రాత్రి నుంచే మళ్లీ వేసుకో, రేపు డాక్టరమ్మకీ ఒక మాట చెప్పు అన్నాను. ఫోన్ పెట్టకుండానే లేచి వెళ్లింది. అల్మారా తలుపు చప్పుడు, మాత్ర రేకు చిట్లిన చప్పుడు, గ్లాసులో నీళ్లు పోసుకున్న చప్పుడు వినిపించాయి. "వేసుకున్నాను వదినా" అంది.